విప్పని బేస్‌బాల్ ప్యాకెట్లు, ఒక పార్కిన్సన్స్ మాత్ర

ఈ బ్లాగులో రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి చదవడానికి అలవాటుపడిన పాఠకులకు ఈసారి శీర్షిక వింతగా తోచవచ్చు. అమెరికాలో పిల్లలు బబుల్‌గమ్‌తో పాటు కొనుక్కొనే బేస్‌బాల్ బొమ్మల ప్యాకెట్లకూ ఆరోగ్యానికీ ఏమి సంబంధమని అడగవచ్చు. సంబంధం ఉన్నది. దానిని చెప్పాలంటే ముందు ఆ ప్యాకెట్లను గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది. వైద్యవిషయం వెనుక వస్తుంది. అంతవరకు ఓపిక పట్టమని మనవి.

పాత బేస్‌బాల్ కార్డులను సేకరించేవారు అమెరికాలో అసంఖ్యాకంగా ఉన్నారు. వారిలో ఒక చిన్న తెగ ఉన్నది. వీరు కార్డులను కాక, నలభై యాభై ఏళ్ళనాడు దుకాణంలో అమ్మిన ప్యాకెట్‌ను ఎన్నడూ విప్పకుండా యథాతథంగా సేకరిస్తారు. లోపల ఏ ఆటగాడి బొమ్మ ఉన్నదో వారికి తెలియదు. ఆ తెలియకపోవడానికే వెల. విప్పితే తెలుస్తుంది గాని, విప్పిన మరుక్షణం ప్యాకెట్ ప్యాకెట్‌గా మిగలదు. చేతిలో ఉండేవి కొన్ని అట్టముక్కలు, పెళుసుబారిన గమ్ పలక ఒకటి. వైద్యవృత్తిలో బతికినవాడిగా ఈ వ్యవహారం నన్ను మొదటినుంచీ ఆకర్షించింది. నాడి పట్టి, రొమ్ము మీద వేలితో తట్టి, స్టెతస్కోపు ఆనించి, లోపలి సంగతిని బయటినుండి తెలుసుకోవడమే కదా మేము జీవితమంతా చేసిన పని! కోసి చూడడం చివరి మాట.

ఈ కార్డుల చరిత్ర మొదలయ్యేది పొగాకుతో. పందొమ్మిదో శతాబ్దంలో సిగరెట్ ప్యాకెట్లు మెత్తని కాగితంతో ఉండేవి. నలగకుండా లోపల ఒక గట్టి అట్టముక్కను పెట్టేవారు. ఆ అట్టమీద బొమ్మ వేస్తే సిగరెట్లు ఎక్కువ అమ్ముడవుతాయని వ్యాపారులు త్వరలోనే కనిపెట్టారు. 1909 - 1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వెలువరించిన శ్రేణిలోని హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు నేడు లక్షల డాలర్లు పలుకుతుంది. కారణం, ఆయన అభ్యంతరం చెప్పడంతో దాని ముద్రణ మధ్యలో ఆగిపోయింది. పిల్లలకు పొగాకు అంటగట్టడం ఇష్టం లేక అభ్యంతరం చెప్పాడని కొందరు, తనకు డబ్బు ఇవ్వనందుకు చెప్పాడని కొందరు అంటారు. పొగాకు బోర్డు కొలువున్న గుంటూరు వాడిని కనుక మొదటి కథ మీదే నాకు మక్కువ. ఆట పొగాకును వదిలిందా అంటే అంత త్వరగా వదలలేదు. ఆటగాళ్ళు బుగ్గన పొగాకు దట్టించుకొని ఆడడం మైదానంలో మామూలు దృశ్యంగా ఉండేది. టోనీ గ్విన్ అనే మహా బ్యాటర్ లాలాజల గ్రంథి క్యాన్సర్‌తో 2014లో మరణించాడు. దానికి కారణం తాను నమిలిన పొగాకేనని ఆయనే చెప్పుకున్నాడు. ఖైనీ, గుట్కాలు నమిలే మన యువకులకు ఆ పేరు తెలియదు, ఆ పుండు మాత్రం తెలుస్తుంది.

పొగాకు స్థానంలోకి తర్వాత గమ్ వచ్చింది. బ్రూక్లిన్‌కు చెందిన టాప్స్ కంపెనీ 1952లో 407 కార్డుల శ్రేణిని విడుదల చేసింది. దానిని రూపొందించిన సై బెర్గర్, ఏళ్ళ తరబడి అమ్ముడుపోక గిడ్డంగిలో మూలిగిన పెట్టెలను 1960లో పడవకు ఎత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారవేయించాడు. ఆ పెట్టెలలో ఎక్కువభాగం శ్రేణి చివరి కార్డులు. మికీ మాంటిల్ కార్డు ఆ భాగంలోదే. ఆ కార్డు ప్రతి ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. టాప్స్ ప్యాకెట్‌లో గమ్ 1991 వరకు ఉన్నది. ఇక్కడ వైద్యుడిగా ఒక్క మాట: ముప్ఫై నలభై ఏళ్ళ నాటి ఆ గమ్‌ను నమిలి చూపించే వీడియోలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. అది గాజుపెంకులా విరిగి, నోట్లో పొడి అవుతుంది. దయచేసి మీ మనుమలను అటువంటి సాహసాలకు దూరంగా ఉంచండి.

గుంటూరు వైద్య కళాశాలలో నా సహాధ్యాయి ఒకడు 1974లో అమెరికా వెళ్ళి, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో మత్తుమందు వైద్యుడిగా స్థిరపడ్డాడు. ఈ వ్యాసం అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు. ఆపరేషన్ థియేటర్‌లో పని చేసే ఒక నర్సు అతనికి బేస్‌బాల్ నేర్పింది. 1981 మే 15న, ఒక చలి రాత్రి, ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మైదానానికి వెళ్ళాడు. ఆ రాత్రి లెన్ బార్కర్ అనే క్లీవ్‌లాండ్ బౌలరు, ఎదుటి జట్టు తరఫున వచ్చిన 27 మందిలో ఒక్కరిని కూడా మొదటి మెట్టు ఎక్కనివ్వలేదు. నూరేళ్ళకు పైబడిన ఆ ఆటలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని సార్లే జరిగిన అద్భుతం అది. చూసినవారు 7,290 మంది. (బేస్‌బాల్‌లో బంతి వేసేవాడిని పిచర్ అంటారని నా మనుమడు సరిదిద్దుతాడు, మన పాఠకుల కోసం బౌలరు అనే ఉంచాను.)

ఆ రాత్రినుండి తండ్రీకొడుకులకు కార్డుల పిచ్చి పట్టింది. తండ్రి ప్రతి శనివారం రెండు ప్యాకెట్లు కొనేవాడు. ఒకటి వెంటనే విప్పడానికి; రెండోది లెక్కలలో మంచి మార్కులు వస్తే ఇవ్వడానికి. మార్కులు ఎప్పుడూ రాలేదని కాదు గాని, సొరుగులో రెండో ప్యాకెట్లు మాత్రం పోగయ్యాయి. కొడుకు పెద్దవాడై చదువుకు వెళ్ళిపోయాడు. సొరుగు అలాగే ఉన్నది. అందులోని ప్యాకెట్లే విప్పని ప్యాకెట్ల సేకరణకు పునాది అయ్యాయి. ముప్ఫై ఏళ్ళలో అతడు కొన్నవి ఏడాదికి పదో పన్నెండో. కొనేముందు ఒక్కొక్కదానిని చూడడానికి అతనికి పట్టే సమయం ఎంతో నాకు స్వయంగా తెలుసు. మా అమ్మాయి ఒహాయోలోనే కొలంబస్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా క్లీవ్‌లాండ్ వెళ్ళి అతనితో రెండు రోజులు గడపడం నా అలవాటు. ఒకసారి కార్డుల సంతకు తీసుకువెళ్ళి, ఒకే ఒక్క ప్యాకెట్ ముందు నన్ను ముప్పావుగంట నిలబెట్టాడు. చివరికి కొనలేదు.

ఆ ముప్పావుగంటలో అతడు ఏమి చూశాడో చెప్పాలి. ఈ విద్యలో తిరకాసు ఏమిటంటే, దొంగ ప్యాకెట్‌లో దొంగది ఏదీ ఉండనక్కరలేదు. ఆ కాలపు ఖాళీ కాగితాలు దొరుకుతాయి. ఆ సంవత్సరపు చవక కార్డులు కుప్పలుగా దొరుకుతాయి. గమ్ పలక కూడా దొరుకుతుంది. కాగితం అసలుది, కార్డులు అసలువి, గమ్ అసలుది. వాటిని కలిపి మళ్ళీ అతికించిన చేయి ఒక్కటే కొత్తది. లేదా అసలు ప్యాకెట్‌నే మెల్లగా విప్పి, విలువైన కార్డు తీసుకొని, ఆ స్థానంలో అనామకుణ్ణి పెట్టి, ఇస్త్రీపెట్టె వేడితో మూసివేస్తారు. కనుక పరీక్షించవలసింది వస్తువులను కాదు, మూసిన తీరును.

మైనపు కాగితపు ప్యాకెట్ అంచులు వెనుకవైపు ఒకదానిపై ఒకటి వచ్చి, యంత్రపు వేడికి మైనం కరిగి అతుక్కొని ఉంటాయి. ఒక్కసారే అతికిన మైనం సమంగా ఉంటుంది. విప్పి మళ్ళీ వేడి చేస్తే అది అవసరానికి మించి పరచుకుంటుంది; కాగితంలోకి ఇంకి, నూనె మరకలా పలచగా మెరుస్తుంది. విప్పినప్పుడు లేచిన కాగితపు నూగు మళ్ళీ పూర్తిగా పడుకోదు. నలభై ఏళ్ళ మడత కత్తి అంచులా ఉంటుంది. రెండోసారి మడిచిన చేయి ఎంత నేర్పరిదైనా సరిగ్గా పాత గీత మీదనే మడవలేదు, పక్కన సన్నని రెండో గీత పడుతుంది. లోపలి కార్డుల మూలలు ఏళ్ళ తరబడి కాగితాన్ని ఒత్తి తమ గుర్తు వేస్తాయి; ఆ గుర్తుకూ ఇప్పుడు లోపల ఉన్న మూలకూ పొంతన కుదరాలి. గమ్ పలక ఆకారం వేలికి తెలియాలి. జిగురు వాడి ఉంటే, కొన్ని జిగురులు అతినీలలోహిత దీపం కింద వెలుగుతాయి. ఇవన్నీ పక్కనుండి పడే వెలుతురులో చూడాలి, చర్మం మీది దద్దురును చూసినట్టు.

పారదర్శకమైన సెల్లోఫేన్ ప్యాకెట్లు మరో రకం. వాటిలో పైకార్డు, అడుగుకార్డు బయటికే కనిపిస్తాయి. పైన ప్రసిద్ధ ఆటగాడు కనిపిస్తే వెల పదింతలు కావచ్చు. అందుచేత మోసానికి ఎక్కువ అనువైనవీ ఇవే. అయితే వీటికి ఒక విరుగుడు ఉన్నది. కార్డులు పెద్ద కాగితం మీద వరుసలుగా అచ్చై, కత్తిరింపు పొంది, యంత్రంలో ఒక క్రమంలో పేరుకుంటాయి. ఫలానా వాడి వెనుక ఫలానా వాడు వస్తాడన్న వరుసలను కొందరు ఓపికగా నమోదు చేసి పెట్టుకున్నారు. పైకార్డుకూ అడుగుకార్డుకూ ఆ వరుసలో పొంతన కుదరకపోతే ఎవరో మధ్యలో చేయి పెట్టారని అర్థం. నా మిత్రుడి దగ్గర అటువంటి వరుసల నోటుపుస్తకాలు మూడు ఉండేవి. మత్తుమందు వైద్యుడి చార్టులంత శుభ్రంగా రాసుకున్నాడు.

ఇంత చేసినా చివరికి తేలేది అభిప్రాయం మాత్రమే. మాకు వ్యాధినిర్ణయంలో పొరపాటు ఉంటే ఆపరేషన్ బల్ల మీదనో, శవపరీక్షలోనో బయటపడుతుంది, పడినప్పుడు నేర్చుకుంటాము. ప్యాకెట్ నిపుణుడికి ఆ అవకాశం లేదు. అతడు అసలుదని ముద్ర వేసి ప్లాస్టిక్‌లో బిగించాక దానిని ఎవరూ విప్పరు. తన తీర్పులు నూటికి ఎన్ని తప్పాయో అతనికి ఎన్నడూ తెలియదు. ఎప్పుడో ఒకసారి లోకానికి శవపరీక్ష చూసే అవకాశం కలుగుతుంది. 2021 చివర లోగన్ పాల్ అనే యూట్యూబ్ ప్రముఖుడు, నిపుణులు సరిచూసి ధ్రువీకరించిన పోకెమాన్ కార్డుల పెట్టెను 35 లక్షల డాలర్లకు కొన్నాడు. అనుమానం రేగడంతో 2022 జనవరిలో అందరి ముందూ విప్పారు. లోపల ఉన్నవి జి.ఐ. జో అనే వేరే బొమ్మల కార్డులు.

ఇక అసలు విషయానికి వస్తాను.

2016లో నా మిత్రుడికి పార్కిన్సన్స్ వ్యాధి అని తేలింది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారు చేసే కణాలు క్రమేణా నశించడం వల్ల వచ్చే జబ్బు ఇది: కుడిచేతిలో వణుకు, నడకలో మందగింపు, ముఖంలో భావం తగ్గడం. డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్ అనే మాత్రను ప్రారంభించారు. మంచి మాత్ర. వణుకు తగ్గింది, మళ్ళీ చొక్కా గుండీలు పెట్టుకోగలిగాడు. రెండేళ్ళు గడిచాయి.

2019 వేసవిలో నేను కొలంబస్‌లో ఉండగా అతని భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను చెల్లెమ్మా అనే పిలుస్తాను. "అన్నయ్యగారూ, ఈయన రాత్రులు నిద్రపోవడం లేదు. రెండింటికి లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. రోజూ ఏవో పెట్టెలు వస్తున్నాయి. అడిగితే పాత స్నేహితుడు పంపాడంటారు. క్రెడిట్ కార్డు బిల్లు చూస్తే నాకు కాళ్ళు ఆడలేదు" అన్నది. ఏ మాత్రలు వాడుతున్నాడో చదవమన్నాను. రెండో పేరు దగ్గర ఆపమన్నాను.

పదకొండు నెలల్లో 62 వేల డాలర్లు. కొన్నవి 143 ప్యాకెట్లు. ముప్ఫై ఏళ్ళలో ఏడాదికి పన్నెండు మించి కొననివాడు!

డోపమిన్‌ను చాలామంది 'ఆనంద రసాయనం' అంటారు గాని, ఆ మాట పూర్తిగా సరి కాదు. వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతులపై చేసిన పరిశోధనల్లో తేలింది ఏమంటే, ఆ కణాలు ఎక్కువగా స్పందించేది అనుకోకుండా దొరికిన బహుమతికి. ముందే తెలిసిన బహుమతికి అవి పెద్దగా చలించవు. విప్పని ప్యాకెట్ అంటే అనుకోని బహుమతికి కాగితం చుట్టినట్టే. 1980 నాటి టాప్స్ శ్రేణిలో 726 కార్డులు, ప్యాకెట్‌కు 15. అందరూ కోరే రికీ హెండర్సన్ తొలి కార్డు సరాసరి 48 ప్యాకెట్లకు ఒకటి చొప్పున రావాలి. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎప్పుడో వస్తుందని మాత్రం తెలుసు. జూదపు యంత్రాన్ని తయారు చేసేవాడు నమ్ముకొనేది సరిగ్గా దీనినే. ఆరోగ్యవంతుడి మెదడులో ఈ ఉత్సాహానికి పగ్గం ఉంటుంది. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు కదలికల కేంద్రాలతో పాటు ఈ బహుమతి మార్గాన్ని కూడా తట్టి లేపుతాయి. కొందరిలో పగ్గం తెగుతుంది.

ఇది అరుదైన వింత కాదు. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడాలలోని 46 కేంద్రాలలో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించారు. వారిలో 13.6 శాతం మందిలో జూదం, మితిమీరిన కొనుగోళ్ళు, అతిగా తినడం, అదుపు తప్పిన లైంగిక వాంఛ వీటిలో ఏదో ఒకటైనా కనిపించింది. ఈ వర్గపు మాత్రలు వాడేవారిలో అది 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. పనీ పాటా లేని వస్తువులను గంటల తరబడి విప్పడం, సర్దడం, మళ్ళీ విప్పడం అనే మరో లక్షణం కూడా ఉన్నది. దానిని పండింగ్ అంటారు. మొదట స్వీడన్‌లో ఆంఫెటమిన్ మత్తుకు బానిసలైనవారిలో గమనించి పెట్టిన పేరు అది.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. నా మిత్రుడిని అతని నాడీవైద్యురాలు ప్రతిసారీ పద్ధతి ప్రకారం అడిగేది: "జూదం ఆడుతున్నారా?" అతడు లేదనేవాడు. అబద్ధం కాదు. పేకముక్క తాకినవాడు కాదు, క్యాసినో గడప తొక్కినవాడు కాదు. తాను చేస్తున్నది సేకరణ అనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదే. రోగికి ఉన్న పాత అభిరుచి వేషంలోనే ఈ జబ్బు రావచ్చు. భజనలకు వెళ్ళేవాడు చందాలు ఇవ్వడం మొదలుపెట్టవచ్చు, తోటమాలి మొక్కలు కొనడం మొదలుపెట్టవచ్చు. మన ఊళ్ళలోనైతే ఫోన్‌లో రమ్మీ, షేర్ల వ్యాపారం కూడా.

వైద్యురాలితో మాట్లాడి మాత్రను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి, లీవోడోపా మోతాదు పెంచారు. ఉదయం పూట కాళ్ళు బిగదీయడం ఎక్కువైంది. ఒకటి రెండు వారాలు మనిషి దిగాలుగా, చిరాకుగా ఉన్నాడు. రెండో నెలలో రాత్రి నిద్ర వచ్చింది. పెట్టెలు రావడం ఆగిపోయింది.

ఆ వేసవి చివర నేను క్లీవ్‌లాండ్ వెళ్ళాను. కొడుకు కూడా వచ్చాడు. ఇంటి కింది గదిలో పింగ్‌పాంగ్ బల్ల మీద 143 ప్యాకెట్లు పరిచి, ఏది అసలు, ఏది కాదు తేల్చడానికి కూర్చున్నాము. వణికే చేతితో అతడు భూతద్దం నిలకడగా పట్టలేడు. కనుక ప్యాకెట్ నేను పట్టుకున్నాను, చూడడం అతని వంతు. "కాస్త వాల్చరా. ఇంకా. వెలుతురు పక్కనుంచి పడనీ" అనేవాడు. మూడు ట్రేలు పెట్టుకున్నాము. ఒక్కొక్కదానికి పది నిమిషాలు, కొన్నింటికి అరగంట. రెండున్నర రోజులు పట్టింది.

మొదటి రోజు మధ్యాహ్నం ఒక ప్యాకెట్‌ను చూస్తూనే పక్కన పెట్టమన్నాడు. మైనం మరక అరంగుళం మేర పాకి ఉన్నది. నా కంటికే కనిపించింది. "ఒరేయ్, దీన్ని కొన్న రాత్రి ఫొటోలో ఈ మరక నాకు కనపడలేదనుకుంటున్నావా? కనపడింది. ఇది రెండోసారి అతికించిందని తెలుసు. తెలిసీ నొక్కాను" అన్నాడు. కొడుకు తల వంచుకున్నాడు. అప్పటిదాకా నా ఊహ వేరు: మందు వల్ల అతని చూపు, నేర్పు మొద్దుబారాయనుకున్నాను. అవి చెక్కుచెదరలేదు. నోటుపుస్తకాల్లోని వరుసలు అప్పటికీ కంఠతా ఉన్నాయి. పోయింది సందేహానికి ఉండే బరువు. అనుమానం వచ్చేది, వచ్చినా చేతిని ఆపేది కాదు. ఇన్నేళ్ళ వైద్యంలో జ్ఞానమూ నిగ్రహమూ వేరు వేరు చోట్ల ఉంటాయని పాఠ్యపుస్తకంలో చదివాను గాని, బల్ల మీద అలా పక్కపక్కన పెట్టి చూడడం అదే మొదలు.

చెల్లెమ్మ టీ తీసుకువచ్చి నిలబడింది. "డబ్బు పోతే పోయింది అన్నయ్యగారూ. నలభై ఏడేళ్ళ కాపురంలో ఈయన నాతో అబద్ధమాడలేదు. స్నేహితుడు పంపాడని ఎన్నిసార్లు చెప్పారో!" అన్నది. ఆమె పైకి వెళ్ళాక అతడు నన్ను అడిగాడు: "ఆ అబద్ధాలు నావా, మాత్రవా?" కొనుగోళ్ళు మాత్రవని చెప్పగలను. దాచిపెట్టడం సంగతి చెప్పలేను. అలాగే చెప్పాను. అతడు తల ఊపి, తర్వాతి ప్యాకెట్ అందుకోమన్నాడు.

చివరికి 61 అసలువని, 58 తిరిగి అతికించినవని, 24 తేలనివని లెక్క వచ్చింది. మూడో ట్రే ఉండడం నాకు నచ్చింది. తేలలేదని ఒప్పుకోవడం కొన్ని నెలలకు ముందు అతనికి సాధ్యపడేది కాదు. అమ్మినవారిలో కొందరు డబ్బు తిరిగి ఇచ్చారు, ఎక్కువమంది ఇవ్వలేదు.

నేను చివరిసారి వెళ్ళింది 2024లో. ఆ సంవత్సరమే ఒక పారిశ్రామిక స్కానింగ్ సంస్థ, విప్పని పోకెమాన్ ప్యాకెట్లను సి.టి. స్కాన్ చేసి లోపలి కార్డులేమిటో చెబుతామని ముందుకు వచ్చింది. మా రంగంలోని యంత్రం వారి రంగంలో ప్రవేశించిందని నాకు ముచ్చటగా ఉన్నది. సేకరణకారులు మాత్రం భగ్గుమన్నారు. తెలిసిపోయాక ఇక దానికి వెల ఎందుకు? నా మిత్రుడు ఉద్రేకపడలేదు. "లోపల ఎవడున్నాడో స్కాన్ చెబుతుంది. ఎవడు మూశాడో చెప్పదు" అన్నాడు.

పాఠకులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ వర్గపు మాత్రలు పార్కిన్సన్స్‌కే కాదు, రాత్రిపూట కాళ్ళు కుదురుగా ఉండని రెస్ట్‌లెస్ లెగ్స్ అనే బాధకు కూడా ఇస్తారు. ప్రొలాక్టిన్ ఎక్కువైనప్పుడు వాడే క్యాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ వాడినవారిలో కూడా ఇటువంటి ప్రవర్తన నమోదైంది. మానసిక వ్యాధులకు వాడే అరిపిప్రజోల్ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఇదే హెచ్చరిక చేసింది. మీ ఇంట్లో ఎవరైనా ఇవి వాడుతుంటే, మందు మొదలుపెట్టే రోజే ఈ సంగతి రోగితో పాటు భార్యకో, భర్తకో, పిల్లలకో తెలియాలి. ఎందుకంటే మార్పు ముందు తెలిసేది వారికే. రాత్రి మేలుకొని ఫోన్ పట్టుకోవడం, బిల్లులు దాచడం, పాత అభిరుచి ఉన్నట్టుండి నాలుగింతలు కావడం వంటివి కనిపిస్తే డాక్టరుతో చెప్పండి. "జూదం ఆడుతున్నారా" అని మాత్రమే అడిగితే చాలదు. కొత్తగా ఏమి కొంటున్నారు, దేనికి సమయం పెడుతున్నారు అని అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, మాత్రను మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించవద్దు. హఠాత్తుగా మానితే తీవ్రమైన ఆందోళన, నిస్పృహ, శరీరం కొయ్యబారడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. తగ్గించే క్రమం వైద్యుడిదే.

ఆ 58 ప్యాకెట్లను ఏమి చేశాడని అడుగుతారేమో. పారవేస్తే ఎవరి చేతికైనా చిక్కి మళ్ళీ సంతకు వస్తాయి. కనుక ఒక్కొక్కదాని మీద చెరగని సిరాతో 'తిరిగి అతికించినది' అని ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, కొత్తగా ఈ విద్య నేర్చుకొనేవారు చూసి గుర్తుపట్టడానికని తన ఊరి సేకరణకారుల సంఘానికి ఇచ్చివేశాడు. ఇచ్చే ముందు నాకు ఫొటోలు పంపాడు. రాత మొదటి అక్షరం దగ్గర పెద్దదిగా మొదలై, చివరికి వచ్చేసరికి ఆవగింజంత అవుతుంది. పార్కిన్సన్స్ రాత అలాగే ఉంటుంది. యాభై ఎనిమిదీ తానే రాశానని, కొడుకు సాయం చేస్తానంటే వద్దన్నానని కింద తెలుగులో ఒక వాక్యం చేర్చాడు.